సీసాలో కండబలం: ఆధారం స్వల్పం, అపాయం అనల్పం

జంషెడ్‌పూర్: ఈ పట్టణంలో కొలిమి నుంచి దిగే ప్రతి పోతకూ ఒక సంఖ్య ఉంటుంది. కర్మాగారంలో పనిచేసేవారు దాన్ని ‘హీట్ నంబరు’ అంటారు. కరిగిన లోహం నుంచి కాస్త నమూనా తీసి అందులో కర్బనమెంత, గంధకమెంత, భాస్వరమెంత అన్నది ప్రయోగశాలలో తేల్చిన తర్వాతనే ఆ ఉక్కు ముందుకు కదులుతుంది. కొనుగోలుదారుకు సరుకుతోబాటు పరీక్షా పత్రం కూడా చేరుతుంది. వంతెనలో బిగించిన రేకు పదేళ్ల తర్వాత పగిలినా, అది ఏ రోజు ఏ పోతలో పుట్టిందో వెనక్కి వెళ్లి చూడవచ్చు.

కండలు పెంచుతుందంటూ వ్యాయామశాలల పరిసరాల్లో ప్రచారమవుతున్న ఒక చిన్న గాజు సీసాకు ఇటువంటి జాతకమేదీ లేదు. రబ్బరు బిరడా, అడుగున చిటికెడు తెల్లని పొడి, పైన ఒక అక్షరాల పేరు, దాని పక్కన కొన్ని అంకెలు. చీటీ మీద చిన్న అక్షరాల్లో ‘పరిశోధన కోసం మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అన్న హెచ్చరిక. అమ్మేవాడికీ కొనేవాడికీ ఆ వాక్యం ఎందుకు ఉన్నదో తెలుసు. ఇంటికి తెచ్చుకున్న తర్వాత ఆ పొడిని నీటిలో కలిపి, ఇన్సులిన్ సూదితో పొట్ట చర్మం కింద ఎక్కించుకుంటారు. సీజేసీ-1295, ఇపమోరెలిన్, జీహెచ్ఆర్‌పీ-2, జీహెచ్ఆర్‌పీ-6 అన్నవి ఇలా చలామణి అవుతున్న పేర్లలో కొన్ని. శరీరంలో ఎదుగుదల హార్మోను విడుదలను ఇవి పెంచుతాయనీ, తత్ఫలితంగా కొవ్వు కరిగి కండ పెరుగుతుందనీ, నిద్ర బాగా పడుతుందనీ, వయసు వెనక్కి మళ్లుతుందనీ ప్రచారం. వీటిలో ఒక్కదానినైనా కండలు పెంచే మందుగా మనదేశంలో గానీ అమెరికాలో గానీ ఐరోపాలో గానీ నియంత్రణ సంస్థలు ఆమోదించలేదు.

‘పెప్టైడ్’ అన్న మాటకు ఇటీవల పెరిగిన గౌరవం ఈ వ్యాపారానికి అండగా నిలిచింది. అమైనో ఆమ్లాలను పూసలదండలా గుచ్చితే ఏర్పడే పొట్టి గొలుసును పెప్టైడ్ అంటారు. 51 పూసల ఇన్సులిన్ కూడా ఆ కుటుంబానికి చెందినదే. మధుమేహానికీ స్థూలకాయానికీ వాడుతున్న సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఆ కోవలోనివే. మౌంజారో పేరిట ఒకటి 2025 మార్చిలోనూ, వెగోవీ పేరిట మరొకటి అదే సంవత్సరం జూన్‌లోనూ భారత విపణిలో ప్రవేశించాయి. వేలాది రోగులపై ఏళ్ల తరబడి పరీక్షించి నెగ్గుకొచ్చిన ఆ మందుల ప్రతిష్ఠను, ఏ పరీక్షనూ పూర్తిచేయని సీసాలు అరువు తెచ్చుకుంటున్నాయి. ‘అదీ పెప్టైడే, ఇదీ పెప్టైడే’ అన్న వాదన పైకి సబబుగానే తోస్తుంది. పుట్టగొడుగుల్లో కూర వండుకునేవీ ఉన్నాయి, ప్రాణం తీసేవీ ఉన్నాయి.

ఈ విషయాన్ని జంషెడ్‌పూర్ నుంచి చూడవలసిన కారణమున్నది. ఇది ఉక్కు పట్టణం మాత్రమే కాదు, క్రీడల పట్టణం కూడా. 1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ, 1996లో టాటా ఆర్చరీ అకాడమీ ఇక్కడ వెలిశాయి. జె.ఆర్.డి. టాటా క్రీడా సముదాయంలో తెల్లవారకముందే కుర్రవాళ్లు పరుగులు తీయడం ఈ ఊరివారికి కొత్త కాదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తాతల కాలంలో కర్మాగారం పనికి వలసవచ్చి కదమా, సోనారి, టెల్కో వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. తాతకు కర్మాగారమే జీవనాధారం. మనుమడికి అదే ద్వారం అంత సులువుగా తెరుచుకోవడం లేదు. రైల్వేలు, పోలీసు శాఖ, సైనిక దళాలు, ప్రభుత్వరంగ సంస్థలు క్రీడాకారులకు ఇచ్చే ఉద్యోగాలు అటువంటి యువకులకు ఒక ఆశ. ఆ ఆశ ఉన్నచోటనే త్వరగా ఫలితం చూపుతానన్న సూదికి గిరాకీ ఏర్పడుతుంది. అమ్మేవాడికి ఊళ్లో దుకాణం కూడా అక్కరలేదు. కొరియర్ చేరితే చాలు.

మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ

ఎదుగుదల హార్మోను మెదడు అడుగున వేలాడే పీయూష గ్రంథిలో తయారవుతుంది. అది రోజంతా ఒకే తీరున పారే ధార కాదు. కెరటాలుగా, ముఖ్యంగా గాఢనిద్ర తొలి ఘడియల్లో ఉవ్వెత్తున వెలువడి అంతలోనే తగ్గిపోతుంది. రక్తంలో దాని పరిమాణం సగానికి పడిపోవడానికి సుమారు 20 నిమిషాలు చాలు. పీయూష గ్రంథికి పైనున్న హైపోథాలమస్ ‘వదులు’ అని ఒక రసాయనంతోనూ, ‘ఆపు’ అని మరొక రసాయనంతోనూ ఆజ్ఞాపిస్తుంది. విడుదలైన హార్మోను కాలేయానికి చేరి ఐజీఎఫ్-1 అనే మరో పదార్థాన్ని పుట్టిస్తుంది. కణాలు పెరగడానికీ విభజన చెందడానికీ చాలావరకు అదే ప్రేరకం.

హైపోథాలమస్ ఆజ్ఞలు పెప్టైడ్ల రూపంలో వెలువడతాయని నిరూపించినందుకు రోజర్ గిల్లెమిన్, ఆండ్రూ షాలీ 1977లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఒకరు గొర్రెల మెదళ్లనూ, మరొకరు పందుల మెదళ్లనూ లక్షల సంఖ్యలో కబేళాల నుంచి తెప్పించి శోధించారు. విచిత్రమేమిటంటే, ఎదుగుదల హార్మోనును ‘వదులు’ అని చెప్పే పెప్టైడ్ మాత్రం ఆ మెదళ్ల రాశుల్లో వారికి చిక్కలేదు. 1982లో అది క్లోమ గ్రంథిలో కంతి ఏర్పడిన రోగుల నుంచి లభించింది. ఆ కంతి అదేపనిగా ఈ ఆజ్ఞను వెదజల్లడంతో రోగుల కాళ్లూ చేతులూ దవడలూ అసహజంగా పెరిగాయి. అంటే ఈ ఆజ్ఞ అతిగా అందితే ఏమవుతుందో దాన్ని కనుగొన్న రోజే శాస్త్రవేత్తల కళ్లెదుట ఉన్నది.

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలోని తులేన్ విశ్వవిద్యాలయంలో సిరిల్ బవర్స్ మరో తోవలో నడిచారు. ప్రకృతిలో లేని పొట్టి పెప్టైడ్లను ప్రయోగశాలలో అల్లి, అవి కూడా పీయూష గ్రంథిని కదిలిస్తాయని చూపించారు. ఆరు పూసల జీహెచ్ఆర్‌పీ-6 అలా పుట్టింది. అది ఏ తలుపు తడుతున్నదో 1996 వరకు తెలియలేదు. ఆ తలుపును తెరిచే అసలు తాళంచెవి ‘గ్రెలిన్’ అని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా కనుగొన్నారు. గ్రెలిన్ జీర్ణాశయం నుంచి వెలువడే ఆకలి హార్మోను. జీహెచ్ఆర్‌పీ-6 పొడిపించుకున్నవారికి విపరీతమైన ఆకలి వేయడానికి మూలం ఇక్కడే ఉన్నది. కొవ్వు కరుగుతుందని సూది పుచ్చుకున్నవాడు రెండు కంచాలు ఖాళీ చేయడం ఈ వ్యవహారంలో అంతగా ప్రచారం కాని పక్షం.

ఈ కుటుంబంలో ఆమోదం పొందినవి అసలే లేవని కాదు. సెర్మోరెలిన్‌ను అమెరికాలో 1990లో రోగనిర్ధారణ పరీక్షకూ, 1997లో ఎదుగుదల లోపమున్న పిల్లల చికిత్సకూ అనుమతించారు. 2008లో తయారీదారే దాన్ని మానుకున్నాడు. టెసమోరెలిన్‌కు 2010లో అనుమతి లభించింది. అయితే అది హెచ్ఐవి రోగుల్లో కడుపు లోపల పేరుకునే కొవ్వును తగ్గించడానికి మాత్రమే. 412 మందిపై జరిగి 2007లో వెల్లడైన పరిశీలనలో, 26 వారాల్లో ఆ కొవ్వు సుమారు 15 శాతం తగ్గింది. మందు ఆపితే తిరిగి చేరుకుంది. కేన్సరు ఉన్నవారికి దాన్ని ఇవ్వరాదన్న నిబంధన కూడా ఉన్నది. జపాన్‌లో జీహెచ్ఆర్‌పీ-2 రోగనిర్ధారణకు వాడుకలోకి వచ్చింది. కేన్సరు వల్ల చిక్కిశల్యమయ్యే రోగులకు అనమోరెలిన్‌ను జపాన్ 2021లో అనుమతించగా, అదే మందును ఐరోపా 2017లోనే తిరస్కరించింది. ఈ అనుమతులన్నీ ఫలానా వ్యాధి, ఫలానా మోతాదు, వైద్యుడి పర్యవేక్షణ అన్న గిరి గీసుకుని ఇచ్చినవి. ఆరోగ్యవంతుడైన పాతికేళ్ల యువకుడి కండల కోసం ఇచ్చిన అనుమతి వాటిలో ఒక్కటీ లేదు.

పెరిగింది అంకె, బలం కాదు

విక్రేతలు చూపించే సాక్ష్యంలో పూర్తి అబద్ధమేమీ లేదు. అందుకే అది ఎక్కువ ప్రమాదకరం. సీజేసీ-1295పై 2006లో ప్రచురితమైన పరిశీలనలో ఒక్క సూదితో ఆరోగ్యవంతుల రక్తంలో ఎదుగుదల హార్మోను 2 నుంచి 10 రెట్ల వరకు పెరిగి 6 రోజులకు పైగా నిలిచింది. ఐజీఎఫ్-1 కూడా ఒకటిన్నర నుంచి 3 రెట్లు పెరిగింది. ఆ పరిశీలన తేల్చినది అంతవరకే. రక్తంలో అంకె పెరిగిందని తేలింది. ఎవరైనా బరువు ఎక్కువ ఎత్తారనో, వేగంగా పరుగెత్తారనో, ఎక్కువకాలం బతికారనో తేలలేదు. కండలు పెరుగుతాయన్న ప్రకటన ఈ అంకె నుంచి చేసిన ఊహ మాత్రమే.

కెనడాలో ఈ మందును రూపొందించిన కాంజుకెమ్ సంస్థ హెచ్ఐవి రోగులపై తదుపరి దశ పరిశీలన చేపట్టింది. 2006 జూలైలో ఒక రోగి గుండెపోటుతో మరణించడంతో దాన్ని నిలిపివేసింది. మరణానికి మందు కారణం కాదని చికిత్స చేసిన వైద్యుడు భావించారు. ఆ అభిప్రాయం సరైనదే కావచ్చు. కాని ఆ తర్వాత మందు ఆమోదం దిశగా ముందుకు సాగలేదు. జవాబు రావలసిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. అదే మందు ఇవాళ చీటీ మార్చుకుని కొరియర్‌లో ప్రయాణిస్తున్నది.

ఇపమోరెలిన్ కథ ఇంకా క్లుప్తం. డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ ప్రయోగశాలలో పుట్టిన ఈ అయిదు పూసల పెప్టైడ్‌ను తర్వాత కండల కోసం కాక, కడుపు శస్త్రచికిత్స అనంతరం మొరాయించే పేగుల కోసం పరీక్షించారు. 114 మంది రోగులపై జరిగి 2014లో వెల్లడైన ఆ పరిశీలనలో ఉత్తుత్తి మందుకూ దీనికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

దీర్ఘకాలం జరిగిన గట్టి పరిశీలన ఏదైనా ఉన్నదంటే అది ఎంకే-677పైనే. నిజానికి ఇది పెప్టైడ్ కాదు. గ్రెలిన్ తలుపునే తట్టే నోటిమాత్ర. అయినా పెప్టైడ్ల జాబితాలో కలిపి అమ్ముతున్నారు. అమెరికాలో 60 ఏళ్లు దాటిన 65 మంది ఆరోగ్యవంతులపై రెండేళ్లపాటు జరిగిన పరిశీలన 2008లో వెల్లడైంది. మాత్ర వేసుకున్నవారిలో ఏడాదికి కొవ్వు కాని దేహభారం సగటున 1.1 కిలోలు పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అరకిలో తగ్గింది. ఇంతవరకు విన్నవాడికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. కాని బలాన్ని కొలిస్తే తేడా లేదు. నడకలో, మెట్లెక్కడంలో, రోజువారీ పనుల్లో తేడా లేదు. పరగడుపున రక్తంలో చక్కెర మాత్రం సగటున 5 మిల్లీగ్రాములు పెరిగింది, ఇన్సులిన్ పనిచేసే తీరు మందగించింది. కొందరికి కాళ్లు వాచాయి. తుంటి ఎముక విరిగిన 123 మంది వృద్ధులపై జరిగిన మరో పరిశీలనలో మందు తీసుకున్నవారిలో నలుగురికీ, తీసుకోనివారిలో ఒకరికీ గుండె వైఫల్యం కనిపించింది. సంఖ్యలు చిన్నవే. అయినా పరిశోధకులు ఆ పరిశీలనను అర్ధంతరంగా ఆపివేశారు. మందును సృష్టించిన మెర్క్ వంటి సంస్థ, కోట్ల డాలర్లు వెచ్చించిన తర్వాత కూడా దాన్ని విపణికి తేలేకపోయిందన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన వాణిజ్య వాస్తవం. లాభం పట్ల విరక్తి పుట్టి మానుకున్నదని ఎవరూ అనుకోరు కదా.

నేరుగా ఎదుగుదల హార్మోను ఎక్కించినా చిత్రం ఎక్కువగా మారదు. 1990లో డేనియల్ రుడ్మన్ బృందం 61 ఏళ్లు దాటిన 21 మంది పురుషులను పరిశీలించి, వారిలో ఆరు నెలలపాటు హార్మోను పొందిన 12 మందికి కొవ్వు 14.4 శాతం తగ్గి, కండ తదితర దేహభారం 8.8 శాతం పెరిగిందని ప్రకటించింది. యవ్వన ఔషధాల వ్యాపారమంతా ఆ పన్నెండు మంది భుజాల మీద నిలబడింది. తర్వాత ఆరోగ్యవంతులైన వృద్ధులపై జరిగిన పరిశీలనలను కలిపి 2007లో సమీక్షిస్తే కీళ్లనొప్పులు, వాపులు, మణికట్టు నరం నొక్కుకుపోవడం వంటి బాధలు ఎక్కువగా బయటపడ్డాయి. పెరిగిన కండలో కొంత భాగం శరీరం పట్టి ఉంచిన నీరేనని పరిశోధకులు అనుమానించారు. అయితే రెండో పక్షాన్ని కూడా చెప్పాలి. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు 96 మంది వ్యాయామప్రియులపై జరిపిన పరీక్షలో హార్మోను తీసుకున్నవారికి స్వల్పకాలపు సైకిల్ పరుగు సామర్థ్యం సుమారు 4 శాతం పెరిగింది. క్రీడాకారుడికి 4 శాతం తక్కువేమీ కాదు. కాని అది తయారైన హార్మోను మీద, కొలిచిన మోతాదు మీద వచ్చిన ఫలితం. సీసాలోని తెల్లపొడికి దాన్ని అంటగట్టలేము.

మన రక్తానికి మరో చిక్కు

చక్కెర పెరుగుదల అన్న మాటను మనవాళ్లు తేలిగ్గా తీసుకోరాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెల్లడైన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున నిలబడి ఉన్నారు. ఎదుగుదల హార్మోను స్వభావరీత్యా ఇన్సులిన్‌కు ఎదురు నడుస్తుంది. అంచున ఉన్నవాణ్ని అటు తోయడానికి పెద్ద తోపుడు అక్కరలేదు. తండ్రికి మధుమేహం, తనకు తెలియకుండానే చక్కెర హద్దుల్లో ఉన్న యువకుడు నెలల తరబడి ఈ సూదులు పొడుచుకుంటే ఏమవుతుందో ఎవరూ పరిశీలించి చెప్పలేదు. ఊహించడం మాత్రం కష్టం కాదు.

పీయూష గ్రంథిలో కంతి వల్ల ఈ హార్మోను ఏళ్లపాటు అతిగా ఊరే వ్యాధిని ఆక్రోమెగలీ అంటారు. ఆ రోగులకు ఉంగరాలు బిగుతవుతాయి, చెప్పులు సరిపోవు, దవడ ముందుకు వస్తుంది, గుండె కండరం మందమవుతుంది, మధుమేహం, రక్తపోటు పట్టుకుంటాయి. కేన్సరు ప్రశ్న మరింత సున్నితమైనది. ఐజీఎఫ్-1 కణాలను పెరగమని చెబుతుంది. ఏ కణాన్ని పెరగమంటున్నామో విడదీసి చెప్పే శక్తి దానికి లేదు. ఈక్వెడార్‌లో హార్మోను గ్రాహకం లోపించి పొట్టిగా ఉండిపోయే కుటుంబాలను ఏళ్లపాటు గమనించిన శాస్త్రవేత్తలకు వారిలో కేన్సరు, మధుమేహం దాదాపు కనిపించకపోవడం ఆలోచింపజేసింది. పెప్టైడ్ సూదులు కేన్సరు తెస్తాయని దీని అర్థం కాదు. తేవని చెప్పడానికి కావలసిన దీర్ఘకాల పరిశీలన ఒక్కటీ జరగలేదన్నదే అసలు విషయం.

కాలం గడిస్తే గాని బయటపడని హాని ఎటువంటిదో ఈ హార్మోను చరిత్రలోనే ఉన్నది. 1985కు ముందు దీన్ని మృతదేహాల పీయూష గ్రంథుల నుంచి తీసేవారు. పొట్టిగా ఉన్న పిల్లలకు ప్రభుత్వ కార్యక్రమాల కిందే, మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు. ఆ సంవత్సరం అమెరికాలో ఆ మందు పొందిన యువకులు కొందరు క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ అనే మెదడు వ్యాధితో మరణించినట్టు బయటపడింది. వెంటనే పంపిణీ ఆపి, కొద్ది నెలల్లో జన్యుసాంకేతిక విధానంలో తయారైన హార్మోనును అనుమతించారు. అప్పటికే శరీరంలో చేరిన వ్యాధి కొందరిలో రెండు మూడు దశాబ్దాల తర్వాత తలెత్తింది. ప్రపంచవ్యాప్తంగా 200 మందికి పైగా బలయ్యారు. నేటి పెప్టైడ్లు మృతదేహాల నుంచి రావు, ఆ వ్యాధి భయం వీటితో లేదు. కాని నాడు ఎవరికి ఏ మందు ఇచ్చారో చిట్టాలు ఉన్నందువల్లనే బాధితులను వెతికి పట్టుకోగలిగారు. కొరియర్ సీసాకు చిట్టా ఏది?

సీసాలో ఏమున్నదన్నది మరో ప్రశ్న. అమైనో ఆమ్లాలను ఒకదాని తర్వాత ఒకటి గుచ్చే విధానాన్ని బ్రూస్ మెరిఫీల్డ్ కనుగొన్నారు; అందుకు 1984లో నోబెల్ కూడా పొందారు. గుచ్చడం నేడు యంత్రాల పని. కష్టమంతా శుద్ధిలోనే. ఒక పూస తప్పిన గొలుసులు, తెగిన ముక్కలు, మిగిలిపోయిన ద్రావకాలు, సూక్ష్మజీవుల విషాలు తొలగించడానికే ఖర్చు ఎక్కువ. దొంగచాటు తయారీదారుడు మిగుల్చుకునేది సరిగ్గా అక్కడే. బెల్జియంలో అధికారులు పట్టుకున్న నకిలీ పెప్టైడ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలు వాటిలో పెద్దయెత్తున మలినాలనూ, ఆర్సెనిక్, సీసం వంటి లోహాలనూ గుర్తించారు. మలినమున్న గొలుసులపై శరీరం రక్షణవ్యవస్థ తిరగబడే ప్రమాదం కూడా ఉన్నది. 2025 జూలైలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో దీర్ఘాయువు పేరిట జరిగిన ఒక ఉత్సవంలో పెప్టైడ్ సూదులు వేయించుకున్న ఇద్దరు మహిళలు ఊపిరియంత్రం మీద ఆస్పత్రి పాలయ్యారు.

చట్టం, వ్యాపారం, మైదానం

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2023లో సీజేసీ-1295, ఇపమోరెలిన్, జీహెచ్ఆర్‌పీ-2, జీహెచ్ఆర్‌పీ-6 తదితరాలను మందుల దుకాణాలు సొంతంగా కలిపి ఇవ్వడానికి తగని, భద్రతపై గణనీయమైన సందేహాలున్న పదార్థాల వర్గంలో చేర్చింది. వైద్య శిబిరాల యజమానులు వ్యాజ్యాలకు దిగడంతో 2024 చివరలో కొన్నిటిని నిపుణుల సలహా సంఘం ముందుంచారు. ఇపమోరెలిన్, సీజేసీ-1295, ఎంకే-677లను అనుమతించవద్దన్నదే ఆ సంఘం మొగ్గు.

మనదేశంలో 2019 నాటి నూతన ఔషధాల నిబంధనల ప్రకారం కొత్త మందు ఏదైనా కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి లేనిదే అమ్మడానికి వీల్లేదు. 1940 నాటి ఔషధాల చట్టం కింద లైసెన్సు లేకుండా మందు తయారుచేసినా అమ్మినా మూడు నుంచి అయిదేళ్ల కారాగార శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. అందుకే ‘పరిశోధన కోసం’ అన్న ముసుగు. ప్రయోగశాలలో అడుగుపెట్టని వేలాదిమందికి ‘పరిశోధన’ సరుకు చేరుతున్నదంటే చట్టం మాటను పట్టుకుని ఆగిపోయిందన్నమాట. హైదరాబాద్ వ్యాయామశాలల్లో మెఫెంటెర్మిన్ సూదులను తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్న సందర్భాలున్నాయి. శస్త్రచికిత్స వేళ పడిపోయే రక్తపోటును నిలబెట్టడానికి వైద్యులు వాడే మందు అది. వాటిని పట్టుకోవడం సాధ్యమైందంటే, వాటి మీద తయారీదారు పేరు, విడత సంఖ్య ఉన్నాయి కాబట్టి. అనామక సీసా విషయంలో ఆ కొస దొరకదు. అదే హైదరాబాద్ పరిసరాల్లో ప్రపంచ దేశాలకు పెప్టైడ్ ముడిసరుకును నిబంధనల ప్రకారం ఎగుమతి చేసే కర్మాగారాలు ఉండడం ఇందులోని వైచిత్రి. సక్రమంగా చేయడం మనకు చేతకాని పని కాదు.

క్రీడాకారుడికి ఇంకొక ఉచ్చు ఉన్నది. ఈ పెప్టైడ్లన్నిటినీ ప్రపంచ మాదకద్రవ్య నిరోధక సంస్థ ‘వాడా’ నిషేధించింది. మూత్ర పరీక్షలో దొరుకుతాయి. ఆస్ట్రేలియాలో క్రొనల్లా రగ్బీ జట్టు ఆటగాళ్లకు 2011లో సీజేసీ-1295, జీహెచ్ఆర్‌పీ-6 ఎక్కించిన ఉదంతం 2014 ఆగస్టులో ఆటగాళ్ల నిషేధంతో ముగిసింది. తమకు ఇచ్చినవి నిషిద్ధ పదార్థాలని తెలియదన్నది ఆటగాళ్ల వాదన. అయినా నిషేధం తప్పలేదు. ‘తెలియదు’ అన్నది ఈ నిబంధనల్లో శిక్షను తగ్గించవచ్చునే గాని తప్పును చెరిపేయదు.

మనదేశం సంగతి చెప్పుకోవడానికి సంకోచం కలుగుతుంది. వాడా లెక్కల ప్రకారం 2024లో భారత క్రీడాకారుల నుంచి సేకరించిన 7,113 నమూనాల్లో 260 దోషయుక్తమని తేలాయి. అంటే 3.6 శాతం. భారీగా పరీక్షలు జరిపే దేశాల్లో వరుసగా మూడో ఏడాది ఈ విషయంలో మనదే మొదటి స్థానం. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్ పోటీలకు తనిఖీ అధికారులు వచ్చారన్న వార్త పొక్కగానే వంద మీటర్ల తుది పరుగులో ఒక్కడే పరుగెత్తిన దృశ్యం దేశమంతా చూసింది. నెహ్రూ స్టేడియం మరుగుదొడ్లలో వాడి పారేసిన సూదులు కనిపించాయి. ఎదుగుదల హార్మోను తరగతి పదార్థంతో మొదటిసారి పట్టుబడినా సాధారణంగా నాలుగేళ్ల నిషేధం పడుతుంది. పంతొమ్మిదేళ్ల పరుగుగాడికి నాలుగేళ్లంటే క్రీడాజీవితమే. ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు కూడా దానితోనే పోతుంది. సీసా అమ్మినవాడి పేరు ఆ తీర్పులో ఎక్కడా ఉండదు.

పిల్లవాడు నిజంగానే ఎదగడం లేదని అనుమానమున్న తల్లిదండ్రులకు తోవ వేరే ఉన్నది. ఎత్తును క్రమం తప్పకుండా కొలిచి నమోదు చేయడం, చేతి ఎముకల వయసును ఎక్స్‌రేతో చూడడం, వైద్యుని సమక్షంలో హార్మోను స్పందన పరీక్ష చేయించడం అందులో మెట్లు. లోపం రుజువైతే జన్యుసాంకేతిక విధానంలో తయారైన హార్మోను మన మందుల దుకాణాల్లోనే, వైద్యుని చీటీపై దొరుకుతుంది. ఖర్చు ఎక్కువే, కాని సీసా మీద తయారీదారు చిరునామా, విడత సంఖ్య, గడువు తేదీ ఉంటాయి. ఎముకల చివరలు మూసుకుపోయిన తర్వాత ఏ హార్మోనూ ఎత్తు పెంచలేదు. ఇరవై దాటిన యువకులకు ఎత్తు ఆశ చూపి అమ్మేది పచ్చి మోసం.

ఇప్పటికే సూదులు వాడినవారు చేయగలిగిన పని ఒకటున్నది. ఏ జబ్బుతోనైనా వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పడం, సీసా మిగిలివుంటే దాన్ని వెంట తీసుకువెళ్లడం. పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, ఐజీఎఫ్-1 పరీక్షలు చేయించమని వైద్యుడు అడగవచ్చు. ఈ మాట తెలియకపోతే పాతికేళ్లవాడి రక్తంలో పెరిగిన చక్కెరను వంశపారంపర్య మధుమేహమని భావించి, జీవితాంతం మాత్రలు రాసిచ్చే అవకాశం ఉన్నది.